తపసుమాను లెక్క

మే 11, ఆదివారం

చక్రి తల పగిలింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తిరుపతిలో ఆసుపత్రి వరండా ఇది. తలుపు అవతల నా తమ్ముడు. అమ్మ నేల మీద పడుకుని ఉంది గానీ నిద్ర కాదు. నా జాకెట్టు చేతికి వాడి రక్తం ఎండి అట్ట కట్టింది. కడుక్కోమని నర్సు చెప్పింది. కడుక్కోను.

నాకు తెలిసిన సంగతులే. అయినా వరసగా రాసుకుంటేనే బుర్ర నిలబడుతుంది. ఇవాళ మా ఊళ్ళో అర్జున తపస్సు. ధర్మరాజుల గుడి ముందు యాభై అడుగుల తపసుమాను నాటారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ దాన్నెక్కి, కొనకు కట్టిన పలక మీద కూర్చుని, జోలెలోంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు కిందికి విసురుతాడు. నాయన వయసులో ఉన్నన్నాళ్ళూ ఆ మాను నాయనదే. తరవాత కూడా మా పైవీధి వాళ్ళే ఎక్కుతూ వచ్చారు. ఈ ఏడు కమిటీ కిందవీధి మునిశేఖర్‌కిచ్చింది. వాడి పేరు చెప్పింది మా చక్రే. పద్యం పాడితే వాడే పాడాలన్నాడట. ఆ రోజు నుంచి నాయన చక్రితో మాట మానేశాడు. ఇవాళ తపస్సుకీ రాలేదు. మేడ మీద అమ్మ ఆరబెట్టిన మామిడి తాండ్రకు కోతులు రాకుండా కాపలా కూర్చున్నాడు.

చక్రి కమిటీ వాళ్ళతో షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. నేను మాను మొదట్లో ఆడవాళ్ళ మధ్య ఉన్నాను. పైనుంచి నిమ్మకాయలు పడుతుంటే కొంగులు పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటున్నారు. డప్పులు, మైకు. ఆ మోతలో ఒక చప్పుడు వినిపించింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారనుకున్నాను.

తిరిగి చూసేసరికి చక్రి కుర్చీతో సహా వెనక్కి పడి ఉన్నాడు. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. పక్కనే పిడికిలంత రాయి, గుండ్రంగా, నున్నగా. వాడి తల ఒళ్ళో పెట్టుకుంటే నా వేళ్ళు లోపలికి దిగాయి. ఎక్కడ దిగాయో రాయను.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది నాయనే. చెప్పులు కూడా లేవు. "చక్రీ, చక్రీ" అంటూ వచ్చాడు. వాడి పేరు నాయన నోట విని నెల దాటింది.

పొద్దున చక్రీ, మునిశేఖర్ ఒక కిరీటం పట్టుకుని అటూ ఇటూ గుంజుకోవడం ఊరంతా చూసింది. ఇంక చెప్పేదేముంది.

మే 12

కళ్ళు తెరవలేదు.

మా అన్న బాలన్న ఊళ్ళోనే ఉన్నాడు. ఫోను చేసి ఊపిరి తిప్పుకోకుండా బూతులు తిట్టాడు. మునిశేఖర్ నిమ్మకాయల జోలెలో రాయి దాచుకుని ఎక్కాడని పైవీధి అంతా అంటోందట. కిందవీధి వాళ్ళు కాదంటున్నారట. బుధవారం గుడి దగ్గర పంచాయతీ పెట్టారు.

నాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తన చేతులు తానే చాలాసేపు చూసుకున్నాడు. తరవాత అడిగాడు.

"పాపా, రాయి మాను పైనించే వచ్చిందని లెక్కగట్టి జెప్పొచ్చునా?"

చెప్పొచ్చన్నాను. పైన బయల్దేరిన చోటు, కింద తగిలిన చోటు తెలిస్తే మధ్యలో దారంతా గీయొచ్చన్నాను.

"పైనించే. మాను కొననించే వచ్చింది. అది నేను జెప్తా ఉండా గదా. మిగతాది నువ్వు గట్టు."

అప్పటిదాకా ఆగని ఏడుపు ఆగిపోయింది. చేయడానికి నాకొక పని దొరికింది.

మే 13

విసిరిన రాయి పరావలయంలో పోతుంది. అడ్డంగా విసిరితే విసిరిన చోటే దాని శీర్షం, అంటే ఆ వంపులో అన్నిటికంటే పైనున్న బిందువు. శీర్షం ఇస్తే ఇంకొక్క బిందువు చాలు, సమీకరణం వచ్చేస్తుంది. ఇంటర్ పిల్లలకు ఏటా చెప్పే లెక్కే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మాను మొదలు సున్నా అనుకుందాం. శీర్షం (0, 50). చక్రి కుర్చీ మానుకు అరవై అడుగుల దూరం, కూర్చుంటే వాడి తల నేలకు నాలుగు అడుగుల ఎత్తు. కాబట్టి (60, 4) గుండా పోవాలి.

y = 50 − (46/3600)x²

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చార్టు పేపరు కొనుక్కొచ్చి ఎర్ర స్కెచ్‌తో గీశాను. వంపు చాలా అందంగా వచ్చింది. తమ్ముడి తల దగ్గర చుక్క పెట్టేటప్పుడు కూడా చెయ్యి వణకలేదు. లెక్క చేసేటప్పుడు నాకు చెయ్యి వణకదు.

మళ్ళీ సరిచూశాను. లెక్కలో తప్పు లేదు.

మే 14, బుధవారం

ఇవాళ రాయకపోతే రేపు ఇంకోలా గుర్తు పెట్టుకుంటాను. అందుకే రాస్తున్నాను.

గుడి గోడకు చార్టు అంటించి, క్లాసులో చెప్పినట్టే చెప్పాను. ఇది మాను, ఇది కొన, ఇది మా తమ్ముడి తల. పెద్దమనుషులు నోరు మెదపకుండా విన్నారు. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం నాకు బాగుంది. కాలేజీలో పిల్లలు కూడా అంత శ్రద్ధగా వినరు.

మునిశేఖర్ తల్లి గంగులమ్మ ఒక్కతే లేచి అడిగింది. "ఈ గీత నా కొడుకే ఇసిరినాడని ఎట్ల జెప్తాదమ్మా?"

గీత చక్కగా కలిసింది కదా అన్నాను.

మునిశేఖర్ పదో తరగతిలో ఉన్నప్పుడు వేసవి సెలవుల్లో మా అరుగు మీద నా దగ్గరే లెక్కలు చెప్పించుకున్నాడు. గోడకున్న చార్టు చూశాడు, నన్ను చూశాడు. "నేను నిమ్మకాయలే ఇసిరినా అక్కా. నీకు తెలుసు గదా" అన్నాడు. తెలుసో తెలియదో నేను చెప్పలేదు.

తరవాత బాలన్న వాడి జుట్టు పట్టుకున్నాడు.

ఉత్సవం చివర్లో జరిగే దుర్యోధన వధకు బొమ్మ చేయడానికి మట్టి తోలిపెట్టి ఉంది. కాళ్ళ వరకే చేశారు. ఆ మట్టి కాళ్ళ పక్కన నేల మీద పడేసి తన్నారు. పైవీధి మగవాళ్ళంతా ఉన్నారు. నాకు బాబాయి వరసయ్యే మనిషి, నాకు చిన్నప్పుడు బొరుగులు కొనిచ్చిన మనిషి, చెప్పు కాలితో వాడి నోటి మీద తొక్కాడు. పళ్ళు ఊడి మట్టిలో పడ్డాయి. గంగులమ్మను ఆడవాళ్ళే పట్టుకుని ఆపారు. పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె నా ముంజేయి కొరికింది, ఇప్పటికీ పంటిగాట్లు మండుతున్నాయి.

"ఏ చేత్తో ఇసిరినావురా?" అని బాలన్న అడిగాడు. ఇద్దరు పట్టుకుని వాడి కుడిచెయ్యి బండ మీద పరిచారు. మాను పాతిన గడ్డపార అక్కడే ఉంది. మొదటి దెబ్బకు వేళ్ళు. రెండో దెబ్బకు మణికట్టు. ఎముక విరిగితే ఎండుకట్టె విరిగిన చప్పుడు వస్తుందనుకునేదాన్ని. కాదు, తడి చప్పుడు వస్తుంది. వాడు అరవలేదు, నన్నే చూస్తూ ఉన్నాడు. మూడో దెబ్బకు కళ్ళు మూశాడు.

నాయన గుడి వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దాయన, చూడలేకపోయాడు పాపం.

మునిశేఖర్ మాను దిగుతూ జారిపడ్డాడని చెప్పాలని ఊరంతా ఒక మాట మీదికొచ్చింది. పోలీసులు వచ్చారు, అదే విన్నారు, వెళ్ళారు.

మే 15

లెక్కలో తప్పు లేదు.

మే 17

చక్రి చనిపోయాడు. తెల్లవారుజామున. ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు.

మే 18

వాణ్ణి కాల్చి వచ్చాం. చితి మీద తల కట్టు విప్పొద్దని అమ్మ అడ్డం పడింది. బాలన్నే నిప్పు పెట్టాడు. వచ్చే దారిలోనే కిందవీధిలో మునిశేఖర్ తండ్రి గోవిందయ్య పశువుల కొట్టానికి కూడా నిప్పు పెట్టాడు. లోపల కట్టేసిన ఆవు ఉంది. దాని అరుపు మా ఇంటి దాకా వినిపించింది. రెండు చావుల వాసన ఒకే గాలిలో వచ్చింది. కిందవీధి వాళ్ళు పొద్దు కుంకకముందే మా తోటలో కాపు మీదున్న చెట్లు నరికారు. ఎదురుపడ్డ మా పాలేరు చెవి తెగింది.

చెయ్యొక్కటీ చాలదంటున్నాడు బాలన్న. మునిశేఖర్‌ను ఆసుపత్రి నుంచి ఇరవై ఏడున ఇంటికి పంపిస్తారని తెలుసుకున్నాడు. ఆ రోజే చక్రి కర్మ. "కర్మ నీళ్ళు వదిలి, ఆ తడిబట్టలతోనే వాన్ని నరుకుతా" అన్నాడు. అమ్మ వింది. వద్దనలేదు. నేనూ వద్దనలేదు. వాడు నా తమ్ముణ్ణి చంపాడు, నేను రుజువు చేశాను.

నాయన మేడ ఎక్కడం మానేశాడు. కోతులు తాండ్ర మొత్తం పీక్కుతిన్నాయి. వడిసెల తిప్పి కోతి తోకకు గురిపెట్టి కొట్టే మనిషి వాటి వైపు తలెత్తి కూడా చూడలేదు.

మే 21

ఉత్సవం ఆగిపోయింది కదా, షామియానా ఎవరూ విప్పలేదు. మిట్టమధ్యాహ్నం అటు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. చక్రి రక్తం పడిన చోట ఇసక పోశారు. అక్కడే కూర్చున్నాను.

పక్కన నేల మీద పిడికిలంత ఎండ పడుతోంది. తలెత్తి చూస్తే షామియానా గుడ్డకు చిరుగు కనిపించింది. రాయి దూరిన చిరుగు.

ఇన్ని రోజులూ నాకు షామియానా ఉందన్న సంగతే గుర్తు రాలేదు. లెక్కలో అది ఇవ్వలేదు కదా.

మాను కొన నుంచి వచ్చిన రాయి, నా సమీకరణం ప్రకారం, పన్నెండడుగుల ఎత్తున ఉన్న గుడ్డను ఎక్కడ దాటాలి? నోటితోనే కట్టాను. కుర్చీకి ఐదున్నర అడుగుల ముందు దాటాలి.

ఎండ చుక్క అంత దూరంలో లేదు. బాగా దగ్గరగా ఉంది.

మే 22

గుడ్డ గాలికి జరిగి ఉంటుంది. కుర్చీ కూడా ఎవరో జరిపే ఉంటారు. ఎండ కూడా నిట్టనిలువుగా పడదు.

లెక్కలో తప్పు లేదు.

మే 23

బరువుకని దారానికి తాళంకప్ప కట్టి చిరుగులోంచి కిందికి వదిలాను. టేపుతో కొలిచాను. నాలుగడుగులు. ఐదున్నర కాదు, నాలుగు. గుడ్డ నాలుగు మూలలా మేకులకు బిగించి ఉంది, జరగలేదు.

రాయి నా గీత కంటే నిటారుగా దిగింది. మాను కొన కంటే చాలా పైనుంచి దిగింది. పలక మీద ఒక చేత్తో తాడు పట్టుకుని కూర్చున్న మనిషి అంత పైకి విసరాలంటే లేచి నిలబడాలి, అలా నిలబడితే కింద ఉన్న మేమందరం చూసేవాళ్ళం. ఎవరూ చూడలేదు, ఎందుకంటే వాడు నిలబడలేదు.

ఇంకో పని చేశాను. కుర్చీ ఉన్న చోట ఒక మేకు, చిరుగు కింద ఒక మేకు కొట్టి, రెంటికీ దారం కట్టి నేల మీదే తిన్నగా లాక్కుంటూ పోయాను. దారం మాను మొదటికి తగలలేదు. జానెడు పక్కనుంచి పోయింది. ఇంకా లాగాను. మా ఇంటి గోడకు తగిలి ఆగింది.

పైన మా మేడ. మేడ మూలలో నాయన ఏటి నుంచి ఏరి తెచ్చి పోసిన గుండ్రాళ్ళ కుప్ప.

మేడ మీదినుంచి, చిరుగులోంచి, తల దాకా. ఈసారి మూడు బిందువులతో, శీర్షం ఎవరూ ఇవ్వకుండా కట్టాను. శీర్షం దానంతట అదే వచ్చింది. మాను కొనకు పదిహేను అడుగుల పైన, ఒక అడుగు అవతల. అర్జునుణ్ణి కొట్టబోయి, తప్పి, వాడి నెత్తి మీదుగా పోయిన రాయి అది.

మొదటి లెక్కలోనూ తప్పు లేదు. అదే నన్ను చంపుతోంది. శీర్షం ఎక్కడ పెట్టుకున్నా సరే, ఒక్క బిందువిస్తే పరావలయం వచ్చి తీరుతుంది. గుడి గోపురం మీద పెట్టినా వస్తుంది, నీళ్ళ ట్యాంకు మీద పెట్టినా వస్తుంది. గీత కలవడం రుజువు కాదు, కలవకపోవడమే కుదరదు. ఈ ముక్క నాకు తెలియదా? ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని. కానీ ప్రశ్నలో 'శీర్షం ఇచ్చినది' అని ఉంటే ఎవరిచ్చారని ఏ టీచరూ అడగదు. గంగులమ్మ అడిగింది.

మే 24

మెట్ల దగ్గర గోడకు వడిసెల తగిలించే మేకు ఉంటుంది. మేకు ఉంది, వడిసెల లేదు.

నాయన పశువుల తొట్టి దగ్గర కూర్చుని ఉన్నాడు. వడిసెల ఎక్కడని అడిగాను. తెగిపోతే పారేశానన్నాడు. ఎప్పుడు తెగిందన్నాను. లెక్క కాగితం చూపించాను. దాని వైపు చూడలేదు గానీ అదేమిటో ఆయనకు తెలిసింది.

"నా కిరీటం వాని నెత్తిన ఉండాది పాపా. ముందర నీలం రాయి ఎండకు మెరస్తా ఉండాది. నేను ఇయ్యనంటే చక్రే దొంగతనంగా తీసకపోయి ఇచ్చినాడని ఆడికాడికే అర్థమయింది. బెదిరిద్దామని ఒక్క చుట్టు చుట్టి వదిలినా. వాని నెత్తి మీదగా ఎగిరిపాయ."

ఆ రోజు పొద్దున ఊరంతా చూసిన గుంజులాట అదన్నమాట. చక్రి పెట్టుకోమని ఇస్తున్నాడు, మునిశేఖర్ వద్దని తోస్తున్నాడు. అందరం తిరగేసి చదువుకున్నాం.

నాకు కోపం ఇలా వస్తుందని తెలియదు. తొట్టి పక్కనున్న చెంబు తీసి ఆయన ముఖం మీద విసిరాను. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. తుడుచుకోలేదు. మరి పంచాయతీలో ఎందుకు నోరు విప్పలేదు, ఆ పిల్లవాడి చెయ్యి చితగ్గొడుతుంటే ఎందుకు అటు తిరిగి నిలబడ్డావు అని అరిచాను.

"నువ్వు లెక్కగట్టినావు గదమ్మా. గీత కలిసింది అంటివి. అయితే నేను గాదేమో అనుకుంటి. నాది యాడో పడిండాది, వానిది ఇంగొక రాయి వచ్చిండాది అనుకుంటి. సదువుకున్న బిడ్డ జెప్తే తప్పయితాదా?"

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నేను గీసిన ఎర్రగీత పట్టుకుని ఇన్ని రోజులూ వేలాడాడు. అడిగింది ఆయనే, ఇచ్చింది నేనే.

మే 25

చెబితే బాలన్న నాయనను నరుకుతాడు. చెప్పకపోతే మునిశేఖర్‌ను నరుకుతాడు.

నాయన తిండి మానేశాడు. నేను తింటున్నాను. ఆకలి వేస్తోంది, సిగ్గుగా ఉంది.

మే 26

బాలన్న చెరుకు కొట్టే మచ్చుకత్తి సాన పడుతున్నాడు. అమ్మ పక్కన కూర్చుని నీళ్ళు పోస్తోంది.

తిరుపతి వెళ్ళిపోదామనుకున్నాను. అలిపిరి దగ్గర నా గది తాళంచెవి చేతిలోకి కూడా తీసుకున్నాను. బస్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను.

మే 27

నా పై పెదవికి కుట్లు వేశారు. ముందు పళ్ళు రెండు లేవు. మాట రావడం లేదు గానీ రాయొచ్చు.

కర్మ అయ్యాక బాలన్న గుండుతో, తడిపంచెతో, మచ్చుకత్తి పట్టుకుని తపసుమాను దగ్గరికి నడిచాడు. వెనక పైవీధి మగవాళ్ళు నడిచారు. ఆసుపత్రి నుంచి వచ్చే ఆటో కిందవీధికి పోవాలంటే అక్కడే తిరగాలి. నేను పరుగెత్తాను. ఆటో వచ్చేసరికి దాని ముందు నిలబడి ఉన్నాను. లోపల మునిశేఖర్, ఛాతీ మీద కట్టుతో చెయ్యి. పక్కన గంగులమ్మ.

నా లెక్క తప్పని గట్టిగా చెప్పాను. రాయి మాను మీదినుంచి రాలేదన్నాను. షామియానా చిరుగు చూపించాను. మేకులకు కట్టిన దారం ఇంకా అక్కడే ఉంది, అది చూపించాను. బాలన్న వినలేదు. తప్పుకోమన్నాడు. తప్పుకోలేదు. కత్తి పిడితో నోటి మీద కొట్టాడు. కింద పడ్డాను. నోట్లో పళ్ళు రాళ్ళలాగా తగిలాయి. ఉమ్మేసి మళ్ళీ లేచి ఆటో కమ్మీ పట్టుకున్నాను. జుట్టు పట్టుకుని లాగాడు. కమ్మీ వదల్లేదు.

"అయితే ఎవురు? ఎవురు జెప్పు" అని అరిచాడు. పేరు నా నోట రాలేదు. దారం వైపు చూపించాను. బాలన్న దారం వెంబడి చూపు పోనిచ్చాడు. జనమంతా అటే చూశారు. దారం చివర, మా గోడ దగ్గర, నాయన నిలబడి ఉన్నాడు.

దారం పక్కనే నడుచుకుంటూ వచ్చాడు. నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పి బాలన్న కాళ్ళ దగ్గర వేశాడు. ఇన్ని రోజులూ చొక్కా కింద ఒంటికే కట్టుకుని ఉన్నాడు. "నేనే" అన్నాడు, అంతే.

బాలన్న కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి పైనే ఉండిపోయింది. తరవాత కత్తి కింద పడేసి ఆ మట్టి దుర్యోధనుడి మీద పడి పిడికిళ్ళతో గుద్దడం మొదలుపెట్టాడు. మట్టి ఎండి రాయిలా ఉంది. పిడికిళ్ళు చిట్లి ఎముకలు కనిపించేదాకా గుద్దాడు.

నాయన బండ దగ్గర కూర్చుని కుడిచెయ్యి దాని మీద పెట్టాడు. మునిశేఖర్ రక్తం మరక ఇంకా పోలేదు. ఆ మరక మీదే పెట్టాడు.

గంగులమ్మ ఆటో దిగింది. గడ్డపార మాను మొదట్లోనే ఆనించి ఉంది. దాన్ని తీసుకుని నాయన ముందు నిలబడింది.

"నా బిడ్డకు నేనే అన్నం కలిపి నోట్లో పెడతా ఉండా" అంది.

ఆమె ఎత్తింది. ఆపమని నేను ఒక్క మాట అనొచ్చు. నోరు పగిలిందని ఇప్పుడు రాసుకోవచ్చు, కానీ నోరు పగిలినా ఆ మాట వచ్చేది. అనలేదు. మూడు దెబ్బలు కొట్టింది, వాడికి ఎన్ని పడ్డాయో అన్నే. నాయన చెయ్యి తీసుకోలేదు. మూడోదానికి వెనక్కి పడిపోయాడు. ఆమె గడ్డపార పడేసి, ఆటో ఎక్కి, కొడుకు తల ఒళ్ళోకి లాక్కుంది.

అమ్మ నా వైపు చూసింది. ఇంక ఎప్పటికీ నాతో మాట్లాడదు.

మే 28

అదే ఆసుపత్రి, అదే వరండా. నాయన చెయ్యి మణికట్టు వరకూ తీసేశారు. బాలన్నను నిన్న సాయంత్రమే పోలీసులు తీసుకెళ్ళారు. అన్నీ చెప్పాడట, మే పద్నాలుగు సంగతితో సహా. నన్నూ పిలుస్తారు. చార్టు తీసుకుని వెళ్తాను.

మధ్యాహ్నం నాయనకు తెలివొచ్చింది. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. గంగులమ్మ పంటిగాట్లు ఉన్న చోటే పట్టుకున్నాడు. ఆగి ఆగి అడిగాడు.

"పాపా, రాయి తప్పి మాను దాటిపోతా ఉండేది నేను సూసినా. షామియానా మీద పడతాదని తెలిసిపాయ. కింద వాడుండాడనీ తెలుసు. అప్పుడే చక్రీ అని అరిచుంటే లేచుండునా? టైముండిందా?"

మళ్ళీ నన్నే అడుగుతున్నాడు, లెక్కగట్టి చెప్పమని.

ఆ లెక్క కొత్త శీర్షం వచ్చిన రోజే కట్టేశాను. అక్కడి నుంచి చక్రి తల దాకా కిందికి అరవై ఒక్క అడుగులు. దగ్గర దగ్గర రెండు సెకన్లు. చక్రీ అని పిలవడానికి ఒక్క సెకను కూడా అక్కర్లేదు. మేడ మీదినుంచి నాయన గొంతు ఊరి చివరికి వినిపిస్తుంది. నెలగా పిలవని పిలుపు వింటే వాడు తుళ్ళిపడి లేచేవాడు.

"లేదు నాయనా. టైము లేదు" అన్నాను. పళ్ళు లేక మాట సరిగా రాలేదు, అందుకని ఇంకోసారి చెప్పాను.

కళ్ళు మూసుకుని తలూపాడు. నేను కట్టిన లెక్క నాయన ఎప్పుడూ నమ్ముతాడు.